అడగనివ్వని ఇల్లు

మా అత్తగారింట్లో ఎవరూ ఏదీ అడగకూడదు. అడిగేదాకా రానిస్తే ఆ ఇంటి మర్యాద మంట గలిసినట్టే. మురమళ్ళలో మా వీధి మలుపు తిరిగిన మనిషి గుమ్మం ఎక్కేసరికి కాళ్ళకి నీళ్ళు, కూర్చునేలోగా మజ్జిగ గ్లాసు సిద్ధంగా ఉండేవి. కొబ్బరికాయలు ఒలవడానికి వచ్చినవాళ్ళకైనా, తాసీల్దారు ఆఫీసు నుంచి వచ్చినవాళ్ళకైనా ఒకటే పద్ధతి. కాపరానికి వచ్చిన కొత్తలో నాకు దాహమేసి వంటింటివైపు చూస్తే చాలు, అత్తగారు గ్లాసు తెచ్చి చేతిలో పెట్టేవారు. "ఎదుటిమనిషి చేత నోరు తెరిచి అడిగించుకోవడం కన్నా తలవంపులేముంటాయమ్మా," అనేవారు.

అలాంటి ఇంట్లో పుట్టింది నా కూతురు. రెండేళ్ళు నిండి మూడో ఏడు నడుస్తున్నా ఒక్క మాట పలకలేదు.

అవి తొంభైల్లో రోజులు. ఇప్పుడు తలుచుకుంటే అంతా కాలవ నీళ్ళలోంచి చూస్తున్నట్టు కొంచెం కదులుతూ కనిపిస్తుంది. మధ్యాహ్నం వేళ పెరటివసారాలో కొబ్బరాకుల నీడలు గచ్చు మీద అటూ ఇటూ ఊగేవి. నా కూతురు వాటి మధ్య కూర్చుని ఒక్కో నీడ మీదా అరచెయ్యి ఆనించి, అది జారిపోగానే ఇంకోదాని మీద పెట్టేది. ఎవరైనా పిలిస్తే తిరిగి చూసేది, నవ్వేది. ఏం చెప్పినా అర్థమయ్యేది. మాట మాత్రం లేదు. నేనూ ఆ పక్కనే చాప మీద పడుకుని, నిద్రకీ మెలకువకీ మధ్య, అది అమ్మా అన్నట్టు వినిపించి ఉలిక్కిపడి లేచేదాన్ని.

ఊళ్ళో అందరూ డాక్టర్లే కదా. "వస పోసేరా అండీ?" అని అడగని మనిషి లేదు. వసకొమ్ము సానమీద అరగదీసి నాలిక్కి రాయడం పుట్టిన నెలలోనే అయిపోయింది. "వాళ్ళ నాన్నా ఆలస్యమేనండీ, ఆయ్," అని ఒకరు. "తల్లికున్న నోరు ఇద్దరికీ సరిపోతుందని ఊరుకుందేమోలెండి," అని ఇంకొకరు. నా నోటి సంగతి ఊరందరికీ తెలుసు, కాబట్టి ఆ మాటకి నేనూ నవ్వాను. కానీ పిల్లని ఒళ్ళోకి లాక్కుని "ఏదీ, అత్త అను, తాత అను" అని పరీక్ష పెట్టేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండేది. "ఉద్యోగం ఇస్తారా ఏంటండీ, ఇంటర్వ్యూ చేస్తున్నారు?" అనేశాను ఒకావిడని. ఆవిడ మళ్ళీ మా గడప తొక్కలేదు. నాకు మాత్రం ఒకటే భయం. ఈ పిల్ల ఎప్పటికీ నన్ను పిలవదేమో, దాని మనసులో ఏముందో నాకు ఎప్పటికీ తెలియదేమో అని.

చివరికి కాకినాడలో పిల్లల డాక్టరమ్మ దగ్గరికి బయల్దేరాం, అత్తగారూ నేనూ పిల్లా. అప్పటికింకా ఎదుర్లంక దగ్గర వంతెన లేదు, పంటు పడవ ఎక్కి యానాం వైపు దాటాలి. పొద్దుటి మంచులో గోదారీ ఆకాశమూ ఒకే రంగులో ఉన్నాయి. సైకిళ్ళూ, కొబ్బరికాయల బస్తాలూ, మనుషులూ ఎక్కడ తేలుతున్నామో తెలియనట్టు తేలాం. పిల్ల నా చెంప మీద చెయ్యి వేసి నా మొహాన్ని మెల్లగా నీళ్ళవైపు తిప్పింది. అక్కడ ఒక కొంగ పోతోంది. ఇద్దరం అది కనిపించినంతసేపూ చూశాం.

డాక్టరమ్మ పిల్ల వెనకనించి గంట మోగించింది, పిల్ల తిరిగింది. కుర్చీ కింద బంతి తీసి మామ్మకివ్వమంది, తీసి ఇచ్చింది. చెవులు పరీక్ష చేయించి, బాగానే ఉన్నాయంది.

"దాహమేస్తే ఏం చేస్తుందమ్మా?" అని అడిగింది.

నేను నోరు తెరిచేలోగా అత్తగారు కాస్త గర్వంగా, "దానికి దాహమేసేదాకా ఎందుకుంచుతామండీ?" అన్నారు.

డాక్టరమ్మ నవ్వలేదు. "మీవల్ల మాట రాలేదని అనట్లేదండీ. కొందరికి ఆలస్యమే. కానీ మాటకి కాస్త చోటివ్వాలి. పాలూ అరటిపండూ రెండూ చూపించి, ఏది కావాలో అడిగి, ఆగండి. చూపించినా సరే, కూత కూసినా సరే, వెంటనే ఇచ్చి ఆ పేరు మీరు చెప్పండి. అను అను అని మాత్రం పీడించకండి. కొన్నాళ్ళు చూసి మళ్ళీ తీసుకురండి," అంది.

తిరుగు పంటులో అత్తగారు పిల్లని ఒళ్ళోకి తీసుకున్నారు. తర్వాత, "చంటిదాన్ని అడిగించాలా అమ్మాయ్, మనింట్లో?" అన్నారు. నాకు జాలేసింది.

అయినా మొదలుపెట్టారు. ఒక చేతిలో పాలూ ఇంకో చేతిలో అరటిపండూ పట్టుకుని పిల్ల ముందు కూర్చునేవారు. పిల్ల ఒకదానివైపు చూడగానే ఆవిడ చెయ్యి దానంతటదే ముందుకి పోయేది, మళ్ళీ వెనక్కి లాక్కునేవారు. నా తపస్సు ఇంకో రకం. తెల్లారి లేస్తే గలగలా వాగే నేను "నీళ్ళు. చల్లటి నీళ్ళు" అని చెప్పి, నోరు మూసుకోవాలి. ఇద్దరం అలా ఆగుతుంటే ఇల్లంతా నిశ్శబ్దమైపోయేది. ఆ నిశ్శబ్దంలోనే మొదటిసారి విన్నాను, పిల్ల తనలో తను సన్నగా ఏదో కూనిరాగం తీస్తోంది. ఎన్నాళ్ళనుంచి తీస్తోందో మరి. వేలు చూపించేది, నవ్వేది, మేం ఆగితే తనూ ఆగేది. మా ఇద్దరికంటే ఓపిక దానికే ఎక్కువ. వానాకాలం వెళ్ళింది, చలి వచ్చింది. నా ఆశ కొంచెం కొంచెంగా సన్నబడింది.

ఒక మధ్యాహ్నం అందరూ తిని లేచాక అత్తగారు అన్నానికి కూర్చున్నారు. ఆవిడ ఎప్పుడూ ఆఖరే, ఎప్పుడూ తనే వడ్డించుకునేవారు. పక్కన పిల్ల గిన్నెలో పెరుగన్నం పెట్టుకుని సగం తింటూ సగం పారబోస్తూ ఉంది. నేను గడపలో కూర్చుని చూస్తున్నాను. అత్తగారి కంచం ఖాళీ అయింది, లేవబోతున్నారు. పిల్ల తన గిన్నెలోంచి గుప్పెడు అన్నం తీసి ఆవిడ కంచంలో పెట్టింది.

"ఏచుకో," అంది.

అమ్మా అన్న పిలుపు నాకు ముందు దక్కలేదని ఒక్క క్షణం కుళ్ళుకున్నాను కూడా, అబద్ధమెందుకు. మరుక్షణమే ఏడుపొచ్చింది. మేమంతా అది అడుగుతుందని ఎదురుచూశాం. అదేమో ఇన్నాళ్ళూ మామ్మ అందరికీ పెట్టడం చూస్తూ కూర్చుంది. ఆ ఇంట్లో అత్తగారితో వేసుకో అని ఎవరైనా అనడం నేనెప్పుడూ వినలేదు.

ఎంగిలంటే ఆమడ దూరం ఉండే మనిషి, ఆ ముద్ద తిన్నారు. తిని, ఖాళీ కంచం పిల్ల ముందుకి కొంచెం జరిపారు.

"ఇంకాస్త పెట్టమ్మా," అని అడిగారు. అడిగి, కదలకుండా కూర్చున్నారు.