రత్తమ్మ గారు అడగని గుడ్డ

మనవరాలి పెళ్ళికని మొన్న విజయవాడ నుంచి బట్టల మూటలు దిగాయి. అందరూ భోజనాల హడావిడిలో ఉండగా ఒక తెల్ల తాను మడత విప్పి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. నీళ్ళు తగలని కోరా గుడ్డకు ఒక వాసన ఉంటుంది, గంజీ నూనే దుమ్మూ కలిసినట్టు. గుడ్డల కొట్లో పుట్టి పెరిగినవాణ్ణి కనక ఆ వాసన నాకు ప్రాణం అని చెప్పుకుంటే బాగుంటుంది. నిజానికి అది తగిలితే గుడ్డ మడిచి పక్కన పెట్టేస్తాను. ఇంతలో మనవరాలు వచ్చి పక్కన కూలబడి, “ఈ పద్నాలుగు చీరల్లో ఏది ఎప్పుడు కట్టుకోవాలో తెలియక నిద్ర పట్టలేదు తాతయ్యా” అంది. నవ్వబోయి ఆగాను. పిల్ల కళ్ళు నిజంగానే ఎర్రబడి ఉన్నాయి. ఎవరి కాలం కష్టం వాళ్ళకు కొలిచి కుట్టించినట్టే ఉంటుంది. పక్కవాళ్ళు తొడుక్కుని చూస్తే వదులుగానో బిగుతుగానో అనిపిస్తుంది. ఈ సంగతి నాకు మొదట చెప్పినావిడ రత్తమ్మ గారు.

నూజివీడు నుంచి విస్సన్నపేట వెళ్ళే దారిలో ఐదు మైళ్ళ అవతల ఆవిడకు రసాల తోట ఉండేది. భర్త పోయాక తోటా పొలమూ ఆవిడే చూసుకునేవారు. మా నాన్నకు నూజివీడు బజారులో గుడ్డల కొట్టు, దానితో పాటు కొద్దిపాటి మామిడి వ్యాపారం. పూత మీదే తోట కాపు కొనడం మావైపు అలవాటు. కాయ ఇంకా పుట్టకముందే, పూత చూసి, ఆ ఏటి పంటకు ధర కట్టేస్తారు. నలభైల చివర్లో, నాకు ఇరవై రెండేళ్ళప్పుడు, నాన్న మొదటిసారి ఆ బేరానికి నన్ను ఒక్కణ్ణే పంపించారు. నా అంత తెలివైనవాడు కృష్ణా జిల్లాలో లేడని అప్పట్లో నాకు గట్టి నమ్మకం.

“పూత పల్చగా ఉందండీ ఈ ఏడు. మంచుకి మాడింది కూడాను,” అన్నాను చెట్ల వైపు జాలిగా చూస్తూ.

ఆవిడ అరుగు మీద ఒత్తులు చేసుకుంటున్నారు. తల ఎత్తలేదు. “అయితే మానెయ్ అబ్బాయ్. మాడిన పూత నీకెందుకు?”

“అది కాదండీ, మీ తోటంటే మా నాన్నకి అభిమానం.”

“అభిమానంతో ఐదు మైళ్ళు ఎండలో నడిచొచ్చావా? కాళ్ళు కడుక్కో, మజ్జిగిస్తాను. అభిమానానికి మజ్జిగే వస్తుంది, కాయలు రావు.”

నేను ఒక ధర చెప్పాను. ఆవిడ మాట్లాడలేదు. ఒత్తి తరవాత ఒత్తి చేస్తూనే ఉన్నారు. ఆ నిశ్శబ్దం భరించలేక నేనే ఇంకొంచెం పెంచాను. మళ్ళీ పెంచాను. మూడోసారి పెంచాక ఆవిడ పత్తి పక్కన పెట్టి, “సరే, మీ నాన్నకి చెప్పు, ఖాయం” అన్నారు. లేచి వస్తుంటే వెనక నుంచి పిలిచి, “నోరు మెదపని మనిషితో మూడుసార్లు బేరమాడావు చూడు. అడిగావంటే నీ అవసరం బయటపడ్డట్టే. ఇంక నీ మెడ అవతలోళ్ళ చేతిలో ఉంటది” అన్నారు. జీవితంలో నేను వెనకేసుకున్నదంతా ఆ ఒక్క మాట పెట్టిన భిక్షే. పోగొట్టుకున్నది కూడా.

యుద్ధం అయిపోయినా గుడ్డ మీద కంట్రోలు పోలేదు. కార్డు ఉంటేనే గుడ్డ, అదీ కోటా వస్తేనే. నేతగాళ్ళకు నూలు లేదు. గుడ్డల శెట్లమైన మేమే అతుకులు కట్టుకుని కొట్లో కూర్చునేవాళ్ళం. మోకాలి దగ్గర అతుకు కనిపించకుండా పంచె మడిచి కూర్చోవడంలో నేను ఆరితేరాను. అలాంటి రోజుల్లో ఫాల్గుణంలో నా పెళ్ళి కుదిరింది. పట్టుబట్టలు అమ్మవి సర్దుకోవచ్చు. మధుపర్కాలు అలా కాదు. పీటల మీద వధూవరులు కట్టుకునే ఆ తెల్ల నూలుబట్టలు కొత్తవే కావాలి. కోటా రాలేదు. ముహూర్తానికి ఇంక నాలుగు రోజులే ఉంది. బట్టల కొట్టువాళ్ళ పెళ్ళికి బట్ట లేదంటే బజారు బజారంతా నవ్వుతుంది. అప్పుడు నాన్న నెమ్మదిగా అన్నారు: “రత్తమ్మ గారు యుద్ధానికి ముందు మన దగ్గరే ఒక కోరా తాను కొన్నారు. కట్టుకోలేదు. వెళ్ళి చూడు. ఎందుకు కొన్నారో మాత్రం అడక్కు.”

అడగలేదు. ఆవిడే చెప్పారు, పెట్టె మూత తీస్తూ. “ఇది నన్ను తీసుకెళ్ళడానికి దాచుకున్నది అబ్బాయ్. నా తొమ్మిదో ఏట ఊళ్ళో కలరా వచ్చింది. ఇంటికొకరు పోయారు. మా అమ్మని గోనెపట్టాలో చుట్టి తీసుకెళ్ళారు. పట్టా చాలక కాళ్ళు బయటికే ఉన్నాయి. మాకు రోగం బాధ, మీకు కార్డు బాధ. రేపు మీ పిల్లలకి ఇంకేం బాధ వస్తుందో, చూట్టానికి నేనుండను.” తాను నా చేతిలో పెట్టారు. “ఎందుకు కొన్నానో గుడ్డకేం తెలుసు. ఇంట్లో చెప్పకు, ఆడవాళ్ళు భయపడతారు.”

“ఊరికే వద్దండీ. ఇంతకన్నా సన్నటిది తెచ్చిస్తాను, మాట.”

“సన్నంది వద్దు. కొత్తదైతే చాలు.”

అంచులకు పసుపు అద్ది, ఆ గుడ్డ కట్టుకునే నేనూ నా భార్యా పీటల మీద కూర్చున్నాం. అది ఎక్కడిదో ఆమెకు చివరిదాకా తెలియదు.

ఏడాది తిరిగేసరికి కంట్రోలు ఎత్తేశారు. దాచిన సరుకంతా బజారులోకి వచ్చింది, ధర మాత్రం నిప్పు. ఇంకో నెల ఆగితే దిగుతుందని అంచనా వేశాను. నెల పోయాక ఇంకో నెల అనుకున్నాను. మంచి వ్యాపారి ఎవడైనా అలాగే ఆగుతాడు. అంతలో కంట్రోలు మళ్ళీ పెట్టారు, గుడ్డ మళ్ళీ మాయమైంది. ఆ మధ్య పూతకీ కోతకీ ఆవిడ దగ్గరికి వెళ్తూనే ఉన్నాను. వానల గురించి మాట్లాడేవారు, నా భార్యకు ఎన్నో నెలని అడిగేవారు. గుడ్డ మాట ఎత్తలేదు. ఒక్కసారి అడిగి ఉంటే ఏ ధరకైనా కొనేవాణ్ణి. అడగలేదు కనక తొందర లేదనుకున్నాను. అడగకూడదని నాకు నేర్పిన మనిషే ఎదురుగా నోరు మూసుకుని కూర్చున్నారని నాకు తట్టలేదు.

మరుసటి వేసవి, రోహిణీ కార్తెలో, పొద్దున్నే వాళ్ళ పాలేరు వచ్చాడు. “అమ్మగారు తెల్లారుజామున పోయారండీ.” కొట్లో గజం గుడ్డ లేదు. పక్క బజారు కొట్టాయన దగ్గర దాచిన తాను ఒకటి ఉందని తెలుసు. పరుగెత్తాను. ఆయన ధర చెప్పాడు. నా నోరు దానంతట అదే తెరుచుకుంది. “మరీ అంతా? చూసి చెప్పండి.” ఆయన దిగలేదు. నేను మెట్లు దిగి, పిలుస్తాడులే అని చిన్న అడుగులేసుకుంటూ వీధి మలుపు దాకా నడిచాను. పిలవలేదు. కాసేపు అక్కడ నిలబడి వెనక్కి వెళ్ళాను. మళ్ళీ బేరమాడాను. చివరికి కొంత దిగాడు. ఆ క్షణం సంతోషించాను కూడా. ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

దారి పొడుగునా మామిడికాయల బళ్ళు. నేనెక్కిన బండి వాటి వెనకే పాకింది. ఇల్లు చేరేసరికి ఆవిడ కోడలు సుశీలమ్మ అరుగు కడుగుతోంది.

“ఇప్పుడే తీసుకెళ్ళారండీ. పొద్దు నెత్తి మీదికొచ్చే దాకా ఆగాం. ఈ ఎండకి ఇంక ఉంచకూడదన్నారు పెద్దవాళ్ళు.”

“ఏం కప్పారమ్మా?”

“ఉతికిన చీరేనండీ, రోజూ కట్టుకునేది.” చెంబు కింద పెట్టింది. “మొన్న కూడా అన్నారు, శెట్టి గారబ్బాయి తెస్తాడు, వాడు మరిచిపోయే రకం కాదని. అందుకే ఆగామండీ.” ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే తేలిగ్గా ఉండేది. చంకలో తానుతోనే పొలాలకు అడ్డంపడి పరుగెత్తాను. నేను శ్మశానం గట్టు ఎక్కేసరికి మామిడి కట్టెలు అంటుకుని ఉన్నాయి.

ఆ తరవాత దేశంలో గుడ్డకు కొదవ లేకుండా పోయింది. మా పిల్లలు అతుకు అంటే ఏమిటో తెలియకుండా పెరిగారు. వాళ్ళకు ఉద్యోగాల దిగులు వచ్చింది; వాళ్ళ పిల్లలకు వచ్చినదానికి నాకు పేరు కూడా తెలియదు. నేను ఈ వయసులోనూ బేరాలాడతాను, కూరలవాళ్ళు నన్ను చూసి బుట్ట మీద గోనె కప్పేస్తారు. అయితే ఎదుటి మనిషి అడగడం మానేసి ఊరుకుంటే మాత్రం బేరం ఆపేస్తాను. ఇంట్లో ఎవరు మౌనంగా ఉన్నా వెళ్ళి పక్కన కూర్చుని, నీకేం కావాలని నేనే అడుగుతాను. ఏమీ వద్దంటారు. ఆ మాట నమ్మడం నాకు చేతకాదు, లేచి వెళ్ళడమూ చేతకాదు.