తాళం తెరిచే దాకా

మా సారు పోయారు. మంగళవారం పొద్దున, షట్టర్లు దించేసిన దిల్‌సుఖ్‌నగర్ దుకాణాల ముందు నడుస్తుంటే ఆయన భార్య ఫోను చేసి, "సారు ఇగ లేరమ్మా" అని పెట్టేశారు. తెలంగాణ బంద్. బస్సుల్లేవు. ఎల్బీ నగర్‌లోని వాళ్లింటికి నడిచే వెళ్లాను. సారు రిటైరై ఏడాది కూడా కాలేదు.

సారు ఆరోగ్యశాఖలో సూపర్‌వైజరు. నేను ఆయన కింద కంప్యూటర్ పని చేసేదాన్ని. స్వైన్ ఫ్లూ వచ్చిన కొత్తలో ఢిల్లీ నుంచి ఒక ఫారం వచ్చింది. మహమ్మారి వస్తే ఏ దేశం ఎంత సిద్ధంగా ఉందో కొలుస్తారట, అన్ని దేశాలకూ మార్కులు వేస్తారట. అందులో మా వాటా, మా పరిధిలోని ఆసుపత్రులు. ప్రతి ప్రశ్నకూ రెండే గళ్లు. ఉంది, లేదు. అందరూ ఆఫీసులో కూర్చుని ఫోన్లు చేసి టిక్కులు పెట్టుకుంటుంటే సారు మాత్రం నన్ను స్కూటర్ ఎక్కించుకుని అబ్దుల్లాపూర్‌మెట్ దాకా తిప్పారు.

"ఉన్నదా అని అడగకు బిడ్డా. అడిగితె అందరు ఉన్నదనే అంటరు. తెరువుమను. గప్పుడు తెలుస్తది" అనేవారు.

ఆయన వాచీ డయలు మణికట్టు లోపలి వైపుకి ఉండేది. టైము చూడాలంటే అరచేయి పైకి తిప్పాలి. తాళం వేసిన ప్రతి గది ముందూ అలా చేయి తిప్పి నిలబడేవారు. తాళంచెవి వచ్చే దాకా కదిలేవారు కాదు. ఎన్ని నిమిషాలైందో గడి పక్కన పెన్సిలుతో రాసేవారు. ఆఫీసులో ఆయనకు నిమిషాల సారు అని పేరు పెట్టారు. నేనూ నవ్వాను, అబద్ధమెందుకు.

మాది బెజవాడ వైపు. ఉద్యమం వేడిగా ఉన్న రోజులు, ఆఫీసులో మాటలు ఆచితూచి ఆడుకునేవాళ్లం. సారుకి ఆ బెరుకు లేదు. ఒక సర్కారు దవాఖానలో ఐసొలేషన్ గది ముందు ఎంతసేపు నిలబడినా తాళంచెవి రాలేదు. అది దగ్గరున్న మనిషి ధర్నా టెంట్‌కి పోయాడట.

"మీ దిక్కు తాళంచెవులు ఎవరి దగ్గరుంటయి?" అన్నారు నాతో.

"మా వైపూ అంతేనండీ. అడిగితే ఇప్పుడే అటెళ్లారంటారు."

"అయితె గీ ఒక్క ముచ్చట్ల మనం సమైక్యమే" అని పకపకా నవ్వారు. ఫారంలో ఆ గదికి మాత్రం 'లేదు' అని టిక్కు పెట్టారు.

పై ఆఫీసు వాళ్లు మండిపడ్డారు. గది కట్టి ఉండగా లేదంటే దేశానికి మార్కులు తగ్గవా అన్నారు. "తగ్గితె తగ్గనియ్యి. రేపు జరమొచ్చినోడు మార్కుల మీద పండుకుంటడా?" అన్నారు సారు. ఆ తర్వాత ఇంట్లో పెళ్లి ఉండి రెండు రోజులు సెలవు పెట్టారు. ఆ రెండు రోజుల్లోనే పై ఆఫీసు వాళ్లు నన్ను పిలిచి, ఫారం సరిచేసి సాయంత్రంలోగా పంపాలన్నారు. గది ఉన్న మాట నిజమే కదా అనుకున్నాను. 'లేదు'ని 'ఉంది'గా మార్చి పంపేశాను.

సారు వచ్చి కాపీ చూశారు. "లోపల చూసినవా?"

"గది మనిద్దరం చూశాం కదండీ."

"తలుపు చూసినం బిడ్డా." అంతే. తిట్టలేదు. మధ్యాహ్నం ఎప్పటిలాగే నాకూ చాయ్ చెప్పారు. తిట్టి ఉంటే బాగుండేది.

పోవడానికి ముందు వారం ఆయనకు జ్వరం, దగ్గు. ఊపిరి అందడం లేదని వాళ్లావిడ నాకు ఫోను చేశారు. నేను వెళ్లేసరికి అంబులెన్సు వచ్చి ఉంది. స్వైన్ ఫ్లూ లాగుందని డ్రైవరు, మా ఫారాల్లోంచి తీసిన లిస్టు తిరగేసి, "దగ్గర్ల ఐసొలేషన్ గది గీడ ఒక్కటే ఉన్నది మేడం" అని ఆ దవాఖాన పేరే చెప్పాడు. వద్దు అనాలి నేను. ఈపాటికి తెరిచే ఉంచుతారులే అనుకుని నోరు మూసుకున్నాను.

అదే తలుపు, అదే తాళం. తాళంచెవి కోసం మనిషి పోయాడు. సారు వసారాలో స్ట్రెచర్ మీద ఎగశ్వాస తీస్తున్నారు. తీరా తెరిస్తే లోపల విరిగిన మంచాలు, తాళ్లు కట్టిన పాత కాగితాల కట్టలు. ఆక్సిజన్ పెట్టే ఏర్పాటే లేదు. మళ్లీ అంబులెన్సు ఎక్కించి ఊళ్లోని పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. ఆలస్యమైందన్నారు అక్కడి డాక్టరు. మూడో రోజున సారు పోయారు.

దేశాలకు మార్కులు వేసే ఆ కాగితం ఇప్పుడు ఎక్కడుందో నాకు తెలియదు. అందులో ఆ గది ఇంకా ఉందనే ఉంటుంది. దిద్దించమని అర్జీ రాశాను. ఫారం గడువు ముగిసింది, ఇక మార్చడం కుదరదన్నారు. ఇంక ఎవరిని అడగాలో నాకు తోచడం లేదు.

ఆ రోజు తాళంచెవి కోసం చూస్తున్నప్పుడు సారుకి మాట్లాడే ఊపిరి లేదు. దుప్పటి మీద ఉన్న ఎడమ చేయి మాత్రం మెల్లగా తిప్పారు. వాచీ చూసుకుంటున్నారనుకున్నాను. ఆయన కళ్లు మూసుకునే ఉన్నాయి. తలుపు తెరుచుకునే దాకా ఆ చేయి అలాగే ఉంది, అరచేయి పైకి, డయలు నా వైపుకి.