విమానానికి గౌసెన

తడిసిన కాన్వాసు వాసన తగిలితే ఇప్పటికీ మా నాయిన గుర్తొస్తాడు. వనపర్తిలో దర్జీ ఆయన. మేం పెరుగుతామని మా లంగాలకు ఎప్పుడూ కింద మడత పెట్టి కుట్టేవాడు. ఒకసారి సంస్థానంవాళ్ల చిన్న విమానానికి గౌసెన, అంటే పైన తొడిగే కాన్వాసు ముసుగు, కుట్టే పని వచ్చింది. నాయిన రెక్కలు కొలుస్తుంటే టేపు రెండో కొస నేను పట్టుకున్నాను.

"నాయినా, దీనికి మడత పెట్టవా? చిన్నదే గద, పెరగదా?"

నాయిన నవ్వలేదు. "మంచిగ యాది జేసినవ్ బిడ్డా" అని రెక్కకు జానెడు మడత పెట్టాడు.

తొలివానకే గౌసెన రెక్కలకు చాలకుండా పోయింది. నాయిన మడతలు విప్పితే సరిపోయింది. "మా బిడ్డ చెప్పబట్టి బతికినం సారూ" అన్నాడు విమానం నడిపే ఆయనతో. విమానం పెరిగిందని నేను వాడంతా చెప్పుకున్నాను.

తడిస్తే కాన్వాసు ముడుచుకుంటుందని నాయినకు ముందే తెలుసు. బతికున్నన్నాళ్లూ ఆ మాట నాతో అనలేదు.