గంగులమ్మ కుడికన్ను

పూతలపట్టు దగ్గర మేకలు కాసుకుని బతికిన గంగులమ్మ ఎవరి మాటా ఊరికే నమ్మే మనిషి కాదు. బేరగాడు మేక పండ్లు చూసి వయసు చెబితే, తాను మళ్ళీ దాని నోట్లో వేలు పెట్టి చూసుకునేది. జన్మలో ఒక్కసారే నమ్మింది. కాణిపాకం తిరునాళ్ళలో సంచీ తగిలించుకుని తిరిగే కంటివైద్యుడు పొర తీస్తానని ఆమె ఎడమకంట్లో సూది పెట్టాడు. ఆమె లేచి కూర్చునేలోగా జనంలో కలిసిపోయాడు. ఆ కన్ను మళ్ళీ వెలుగు చూడలేదు.

కుడికంట్లోనూ పొర ముదిరి మనుషులు నీడలుగా మిగిలాక, పంతొమ్మిదివందల డెబ్బై ఆరులో కొడుకు మునిరత్నం ఆమెను తిరుపతి ఆసుపత్రికి తీసుకొచ్చాడు. అక్కడి వైద్య కళాశాలలో కంటి విభాగమంటే చాన్నాళ్ళు ఆపరేషన్ల వార్డు చివర తెర కట్టిన మూల. ఆ మధ్యనే దానికి సొంత వార్డూ, పని నేర్చుకునే డాక్టర్లూ వచ్చారు. పెద్ద డాక్టరు రాజారత్నం. ఆపరేషన్ బల్ల దగ్గర నోరు విప్పని మనిషని పేరు.

ఆపరేషన్‌కు ముందురోజు పొద్దున గంగులమ్మ గోడ పట్టుకుని వరండాలో కుళాయి దగ్గరికి పోయింది. కాలికి బకెట్టు తగిలింది. ముఖం కడుక్కుందామని అందులో చెయ్యి ముంచింది. చల్లగా, గుండ్రంగా, జారుడుగా ఏవో వేళ్ళకు తగిలాయి. ఒకదాన్ని నొక్కి చూసింది. అరవలేదు. దాన్ని గుప్పిట్లో పెట్టుకుని, పైన కొంగు కప్పుకుని మంచం దాకా నడిచొచ్చింది.

"ఒరే మునిరత్నం, ఇదేందో సూడు."

కొడుకు చూసి వెనక్కి తగ్గాడు. "కన్ను మా! యాడిదిమా ఇది?"

"బకెట్టు నిండా ఉండాయిరా. ఎవురెవురివో! మూట కట్టు, పోదాం."

పక్క మంచాలవాళ్ళు లేచి కూర్చున్నారు. ఎవరో ఏడుపు మొదలుపెట్టారు. పరిగెత్తుకొచ్చిన చిన్న డాక్టరు జయరావుకు సంగతి తెలిసి నవ్వొచ్చింది. "అవి మేక కండ్లవ్వా. మాంసం అంగడి నుంచి తెప్పిస్తాం. మేం కోత నేర్చుకునేదానికి."

మునిరత్నం దాన్ని వెలుతురుకు తిప్పి చూశాడు. "నిజమే మా. నల్లగుడ్డులో అడ్డగీత ఉండాది. మన మేకలకు మాదిరే."

గంగులమ్మ ఊపిరి పీల్చుకుంది. ఆ వెంటనే ఇంకో అనుమానం తలెత్తింది.

"మేకల మీద నేర్సుకున్నాక, మళ్ళ ఎవురి మీద నేర్సుకుంటావు నాయనా?"

జయరావు పోయి ఆ మాట పెద్ద డాక్టరుకు చెప్పాడు.

సాయంత్రం రాజారత్నం వచ్చాడు. "నీకు నేనే చేస్తానవ్వా. వీళ్ళు నిలబడి చూస్తారు, అంతే."

"ఎట్ల నమ్మేది సామీ? మొగం మీద గుడ్డ కప్పుతారంట గదా. నాకుండేది ఈ ఒక్క కన్నే."

"ఏం చెయ్యమంటావు మరి?"

"కోస్తా ఉన్నంతసేపు మాట్లాడతా ఉండు. నీ గొంతు ఆగిందా, లేచి పోతా."

"మధ్యలో లేస్తే కన్ను పోతుందే."

"అందుకే ఆపొద్దంటా ఉండా."

మర్నాడు రాజారత్నం మాట్లాడాడు. ఏం మాట్లాడాలో తోచక మొదట చేసే పనే చెప్పాడు. ఇప్పుడు మందు వేస్తున్నా, ఇప్పుడు కాస్త ఒత్తుతున్నా, కదలొద్దు అని. ఆ తర్వాత వాళ్ళమ్మ గెలికే రాగిసంగటి గురించి, ఆయన చదువుకున్న బడి గురించి. గుడ్డ కింద గంగులమ్మ ఒక్కో మాటా పట్టుకుని పడుకుంది. సగంలో ఉన్నట్టుండి తట్టింది: గొంతు ఆయనదే, చెయ్యి ఎవరిదో? లేవాలనిపించింది. లేస్తే కన్ను పోతుందని చెప్పిందీ ఆ గొంతే. బల్ల అంచులు రెండు చేతులా పట్టుకుని కదలకుండా ఉండిపోయింది.

కట్టు విప్పి దళసరి అద్దాలు పెట్టినప్పుడు ఎదురుగా తెల్లకోట్లు, వాటి పైన మొహాలు తేలాయి.

"మాట్లాడింది నువ్వే సామీ. కోసిందీ నువ్వేనా?"

"కనిపిస్తా ఉండాదా, లేదా?" ఆయన కూడా ఆమె యాసలోనే అడిగాడు.

"కనిపిస్తా ఉండాది. అందుకే మొగం సూసి అడగతా ఉండా."

"నేనే అవ్వా."

ఆమె ఆయన మొహం చాలాసేపు చూసింది. జయరావు మొహంలోనూ వెతికింది. అబద్ధం ఎక్కడా దొరకలేదు. దొరకనంత మాత్రాన లేదనీ అనుకోలేదు.

తర్వాతి ఏళ్ళలో ఆ చుట్టుపక్కల కంటిపొర కమ్మినవాళ్ళందర్నీ తిరుపతి బస్సెక్కించింది ఆమే. వాళ్ళంతా కోసినంతసేపూ మాట్లాడమని డాక్టర్లను అడిగేవాళ్ళు. ఎనభైలు వచ్చేసరికి ఆ విభాగంలో మాట్లాడుతూ కొయ్యడం అలవాటైపోయింది. జయరావు కూడా అలాగే నేర్చుకున్నాడు.

తమ వీధిలో ఉండే సుబ్బులమ్మ కంటి ఆపరేషన్‌కు బయల్దేరినప్పుడు గంగులమ్మ బస్సు కిటికీ దాకా వచ్చి చెప్పింది:

"మాట్లాడమను. మాట్లాడినా పూరాగా నమ్మొద్దు. అట్లని కదలొద్దు మే."