పేరు రాయని కప్పు

ఐస్ హాకీ అనే ఆట ఒకటుందని నాకు ఒక పాట పుణ్యమా అని తెలిసింది. మద్రాసు నుంచి సినిమా వాళ్ళంతా మూటాముల్లె సర్దుకుని హైదరాబాదు వచ్చేస్తున్న రోజులవి. నేను గ్రూప్ డాన్సర్ని, కృష్ణానగర్‌లో ఒక గదిలో అద్దెకుండేదాన్ని. ఒక దర్శకుడికి హీరో హీరోయిన్లు మంచు మీద హాకీ ఆడుతూ పాడుకోవాలని బుద్ధి పుట్టింది. విదేశాలకు తీసుకెళ్ళే ఓపిక నిర్మాతకు లేదు. ఇంకేముంది, ఫిల్మ్‌నగర్ కొండ మీద ఖాళీ జాగాలో నున్నటి గచ్చు పోయించి, తెల్లరంగు కొట్టి, చుట్టూ థర్మోకోల్ ముక్కలు పేర్చి ఇదే మంచు అన్నారు. నడివేసవి ఎండలో మాకు ఉన్ని స్వెటర్లు తొడిగి, కాళ్ళకు చక్రాల స్కేట్లు కట్టి దాని మీదకు వదిలారు. ఆ గచ్చు మీద మోకాలు చెక్కుకోని డాన్సరు లేదు.

వెనకాల ఆటగాళ్ళుగా కనబడటానికి ఫైటర్లను కూడా పెట్టారు. పాట అయింది, సినిమా వచ్చింది, వెళ్ళిపోయింది కూడా. గచ్చు మిగిలింది, గోడౌన్‌లో స్కేట్లు మిగిలాయి. అన్ని దెబ్బలు తిని నేర్చుకున్న విద్యను ఊరికే పోనిస్తామా? షూటింగ్ లేని ఆదివారాలు డాన్సర్లు ఒక జట్టు, ఫైటర్లు ఒక జట్టు అయి ఆడటం మొదలుపెట్టాం. ఆడా మగా తేడా లేదు. గుండ్రంగా కోసిన టైరు ముక్కే మా బంతి. ఏడాదికోసారి, దసరాకు ముందు, పెద్ద మ్యాచ్ ఉండేది.

ఆ పాటలో హీరో గెలిచే కప్పు ఒకటుంది. ఇత్తడిది, రెండు చెవులతో, పిల్లాణ్ణి ఎత్తుకున్నంత బరువుండేది. దాన్ని ఆర్ట్ డిపార్ట్‌మెంట్ పెద్దాయన మాకిచ్చాడు. "వాడుకోండమ్మా, కానీ ఇది ప్రాపర్టీ, షూటింగ్ సామాను, ఆ సంగతి మర్చిపోవద్దు" అన్నాడు. అమెరికా, కెనడాల్లో ఈ ఆటే బతుకుతెరువుగా ఆడేవాళ్ళకు 'మోస్ట్ వాల్యుబుల్ ప్లేయర్', అంటే అందరికన్నా విలువైన ఆటగాడు, అని ఒక బహుమతి ఇస్తారట. పాట కోసం వీడియో క్యాసెట్లు చూసిన మా డాన్స్ మాస్టర్ చెప్పాడు. పేరు గంభీరంగా ఉంది కదా అని మేమూ మా కప్పుకు అదే పెట్టేసుకున్నాం.

పెట్టుకున్నంత తేలిక కాదు ఇవ్వడం. మొదటి ఏడాది ఎక్కువ గోల్స్ కొట్టినవాడికిచ్చాం. వాడు ఎవరికీ టైరు ముక్క అందించకుండా ఒక్కడే తిరిగాడని సొంత జట్టే అలిగింది. రెండో ఏడాది డాన్స్ మాస్టర్ నిర్ణయిస్తానని పెద్దరికం మీదేసుకున్నాడు. తీరా తన అసిస్టెంటుకే ఇచ్చుకున్నాడు. కృష్ణానగర్ టీ కొట్లలో చాలా రోజులు అదే నవ్వులాట. అప్పుడు ఫైటర్ల జట్టులో గోలు కాసే ఆయన తేల్చి చెప్పాడు.

"ఓడినోళ్ళను అడుగుండ్రి. ఎవరి చేతిల దెబ్బ తిన్నరో వాళ్ళకు తెల్వదా?"

ఆ మాటే మా రివాజు అయింది. ఓడిన జట్టు మేకప్ వ్యాను వెనక చేరి గుసగుసలాడి, గెలిచిన జట్టులో ఒకరిని ఎంచేది. ఓడిన కెప్టెన్ కప్పు ఎత్తుకుని స్కేట్ల మీద వెళ్ళి, ఎవరి ముందు ఆగితే వాళ్ళదే కప్పు. గెలిచిన వాళ్ళు నోరెత్తకూడదు.

కప్పు మీద పేర్లు చెక్కిద్దామంటే ఆర్ట్ పెద్దాయన ఒప్పుకోలేదు. "రేపు ఏ కాలేజీ సీన్‌లోనో పెట్టాలి. క్లోజప్‌లో మీ పేర్లు కనబడితే నన్ను ఇంటికి పంపిస్తారండీ" అన్నాడు. అందుకే దాని మీద ఏనాడూ ఒక్క అక్షరం లేదు. ఏడాదంతా గెలిచినవాళ్ళ ఇంట్లో ఉండేది. షూటింగ్‌కు కావలసివస్తే ఆటోలో వచ్చి పట్టుకెళ్ళి, పనయ్యాక తెచ్చి ఇచ్చేవాళ్ళు. మా అందరి ముఖాలు కలిపినా దానికి పడినన్ని క్లోజప్పులు పడలేదు. నాకూ ఒకసారి వచ్చింది. నా గది ఎంత చిన్నదంటే, తలుపు తీస్తే ముందు కప్పే కనబడేది.

ఆ రివాజు పెట్టిన ఆయనకు మాత్రం ఎన్నడూ రాలేదు. గోలు కొట్టినవాణ్ణి అందరూ చూస్తారు, ఆపినవాణ్ణి ఎవరు చూస్తారు? పైగా ముఖం మీద ఇనప జాలీ ముసుగొకటి. నన్ను చెల్లె అనేవాడు, నేను అన్నా అనేదాన్ని. ఇల్లు యూసుఫ్‌గూడలో. హీరోలకు డూప్‌గా మేడల మీంచి దూకడం, అద్దాలు పగలగొట్టుకుని పడటం ఆయన పని. వదిన ప్రతి సినిమాకూ వెళ్ళేది, ఆయన ముఖం ఒక్కసారి కూడా కనబడక ఉసూరుమంటూ తిరిగొచ్చేది. "పెద్ద సినిమాల్ల చేస్తడు అంటే ఎవలన్న నమ్ముతరా వదినె, ఏదీ చూపియ్యి అంటరు" అనేది నాతో.

ఒకసారి టీ తాగుతూ ఆయనే మనసులో మాట బయటపెట్టాడు.

"ఎంతమంది హీరోల లెక్క దుంకిన చెల్లె. దుంకింది నేను, సీటీలు, చప్పట్లు వాళ్ళకు. ఫికర్ లేదు, గదే మన పని. గని నా ఇంట్ల ఒక్క వస్తువన్న నా కష్టంది అని చూపెట్టుకోవద్దా?"

ఆ ఏడాదే ఒక షాట్‌లో ఆయన కుడి భుజం జారింది. ఇంకోసారి జారితే చెయ్యి పైకి లేవదన్నాడు డాక్టరు. దసరా కాగానే ఫైట్లు మానేసి యూనిట్ వ్యాను నడుపుతానని వదినకు మాటిచ్చాడు. మరి ఆట కూడా అదే ఆఖరు.

ఆ ఆఖరి మ్యాచ్‌లో మా జట్టుకు నేనే కెప్టెన్ని. చెప్పకూడదు గానీ, ఆయన మాకు నరకం చూపించాడు. ఏ మూల నుంచి కొట్టినా కాలో ఎడమ చెయ్యో అడ్డం. మేం చిత్తుగా ఓడాం. మేకప్ వ్యాను వెనక గుసగుసలు కూడా లేవు, అందరి నోటా ఒకటే మాట. నాకు సంతోషం పట్టలేదు. కప్పు ఏదని అరిచాను. ఆర్ట్ పెద్దాయన గుడ్డ కప్పిన బల్ల చూపించాడు.

ఎత్తగానే తెలిసిపోయింది. దూదిలా ఉంది. అప్పటికే అందరూ చూస్తున్నారు, ఆయన ముసుగు తీసి నిలబడ్డాడు. కాళ్ళ కింద చక్రాలు వాటంతటవే నన్ను ఆయన ముందుకు తీసుకెళ్ళాయి. అందుకున్నాడు. ఒకసారి తూచి చూశాడు. రంగు ఇంకా ఆరలేదు, అరచేతులకు బంగారు రంగు అంటుకుంది.

"ఇన్నేండ్లు నేను వాళ్ళకు డూపు. ఇయ్యాల నా కప్పుకే డూపు పెట్టిండ్రు" అన్నాడు నెమ్మదిగా. దాన్ని గచ్చు మీద పెట్టి, స్కేట్లు విప్పి, చెప్పులేసుకుని కొండ దిగి వెళ్ళిపోయాడు.

నేను ఆర్ట్ పెద్దాయన మీద పడ్డాను. జరిగిందేమిటంటే, అసలు కప్పు ఒక సినిమా సెట్లో ఉండిపోయింది. మొదటి సీన్‌లో హీరో పక్కన కనబడింది గనక క్లైమాక్స్ తీసేదాకా దాన్ని బయటికి తీయకూడదు, కంటిన్యూయిటీ, అంటే సీనుకీ సీనుకీ పొంతన, పోతుంది. అందుకని ఈయన తిండి మానేసి థర్మోకోల్‌తో అచ్చం అలాంటిదే చేశాడు. ఎవరూ కనిపెట్టరని మురిసిపోయాడు కూడా. కనబడితే చాలు, ఉన్నట్టే అనుకునే ఈ పొరపాటు మా సినిమా వాళ్ళే చేయగలరు.

"కెమెరాకి తేడా తెలీదమ్మా" అన్నాడు బిక్కముఖం వేసి.

"ఆయన కెమెరానా? మనిషి" అన్నాను. ఇంకా ఏవేవో అన్నాను. పాపం, ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

మర్నాడు ఆ పెద్దాయన నన్ను తోడు తీసుకుని యూసుఫ్‌గూడ వచ్చాడు. ఆ సినిమా క్లైమాక్స్‌లో హీరో కప్పు పట్టుకుని గ్యాలరీ మెట్లెక్కి పైకెత్తాలి. హీరోకి డేట్లు లేవు, క్లోజప్ ముందే తీసేశారు, వెనక నుంచి లాంగ్ షాట్ మిగిలింది. ఫైట్ మాస్టర్‌తో తాను మాట్లాడానని, ఆ షాట్ చేసిపెట్టమని అడిగాడు.

"మళ్ళ డూపేనా? ఏం అక్కరలేదు. జర ఆ భుజం చూడుండ్రి" అంది వదిన.

"దూకడం లేదమ్మా, ఎత్తడమే."

"అసలు కప్పేనా?" అన్నాడు అన్న.

"అసలుదే."

షూటింగ్ రోజు జనంలో నేనూ ఉన్నాను. ఆయన మెట్లెక్కాడు. ఎడమ చెయ్యి లేచింది, కుడి చెయ్యి భుజం దగ్గర ఆగింది. తర్వాత మెల్లగా, పళ్ళు బిగించి ఉంటాడు, అదీ పైకి వెళ్ళింది. ఇత్తడి ఎండలో మెరిసింది. దర్శకుడు ఓకే అనగానే ఆర్ట్ పెద్దాయన మెట్ల దగ్గరికి వెళ్ళి, "ఇంక కంటిన్యూయిటీ అయిపోయింది బాబూ, ఇంటికి పట్టుకెళ్ళు" అన్నాడు. ఆ ఏడాది చివర్లో మేం ఆడే జాగా అమ్మేశారు, గచ్చు పగలగొట్టి మేడ కట్టారు. మళ్ళీ ఆట లేదు. కప్పు కోసం యూసుఫ్‌గూడకు ఆటో కూడా మళ్ళీ పోలేదు.

ఆ సినిమా మరుసటి వేసవిలో వచ్చింది. నేను, వదిన, అన్న ముగ్గురం వెళ్ళాం. తెర మీద ఆ షాట్ వచ్చినప్పుడు ఇదే అని వదినకు చెప్పొద్దన్నాడు అన్న, తనే గుర్తుపడుతుందేమో చూద్దాం అని. క్లైమాక్స్ వచ్చింది. తెర మీద ఒక వీపు మెట్లెక్కుతోంది. రెండు చేతులు లేచాయి. కుడి చెయ్యి భుజం దగ్గర కాసేపు ఆగి, అప్పుడు పైకి వెళ్ళింది.

"గా చెయ్యి నాకెరుక" అంది వదిన. "రోజు నూనె రాసేది నేనే గదా."

తెర నిండా హీరో ముఖం పడింది, హాలంతా ఒకటే ఈలలు. వదిన కూడా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది, తెరకు వీపు పెట్టి, అన్న వైపు తిరిగి.