కంపు ఎక్కడ గుమగుమ అయింది?

మొన్న మధ్యాహ్నం మద్దిలపాలెంలో మా అపార్ట్‌మెంటు మెట్లు ఎక్కుతున్నాను. పైన ఎవరో వంజరం చేప వేపుతున్నారు. నూనె, కారం, అల్లం కలిసిన ఆ వాసన మెట్ల నిండా దిగి వస్తోంది. నా ముందు నడుస్తున్న కుర్రాడు, కొత్తగా అద్దెకు దిగినవాడు, ముక్కు మూసుకుని "అబ్బ, కంపు" అన్నాడు. నా కాళ్లు ఆగిపోయాయి. నేను చదివిన మల్కాపురం బడిలోని భారతి టీచరు గొంతు చెవిలో పలికింది: "ఎవరింట్లో?"

భర్తకు స్టీలు ప్లాంటులో ఉద్యోగం రావడంతో ఆవిడ కృష్ణా జిల్లా నుంచి వచ్చారు. ఆవిడ హాజరు పిలిస్తే రేవులో ఓడలు కూడా పలికేవని నేను చెబుతుంటాను. అది నమ్మకపోయినా ఫర్వాలేదు, తర్వాతది నమ్మండి. తొంభైలలో, మా తొమ్మిదో తరగతిలో చేపలు పట్టేవాళ్ల పిల్లలమంతా కిటికీ పక్కన చివరి బెంచీల్లో కూర్చునేవాళ్లం. అక్కడ కూర్చోమని ఎవరూ చెప్పలేదు. వాసన అనే కారణం మాత్రం అందరికీ తెలుసు.

ఊళ్లోని బడులన్నిటికీ కలిపి కథల పోటీ పెట్టారు. మా తరగతి నుంచి ఎవరు వెళతారని టీచరు అడిగితే నేను లేచాను. "నాను సెప్తానండి."

తరగతంతా ఘొల్లుమంది. ముందు బెంచీ కిరణ్, ఆఫీసరుగారబ్బాయి, "కంపు కథ సెప్తాడంట టీచర్" అన్నాడు. నా చెవులు కాలిపోయాయి. ఆ స్టేజీ ఎక్కాలని ఎంత ఆశపడ్డానో, ఆ క్షణంలో బడి మానేసి మా అయ్యతో పడవెక్కేయాలని అంతగా అనిపించింది.

టీచరు బెత్తం తీయలేదు. బల్ల అంచున కూర్చున్నారు.

"కంపా? ఎవరింట్లో? కిరణ్, మీ ఇంట్లో ఆదివారం ఏం వండారు?"

"చేపల పులుసండీ."

"వాసన ఎలా ఉంది?"

"గుమగుమలాడిందండీ."

"ఆ చేప పట్టినవాళ్ల ఇంట్లో కంపు, మీ ఇంట్లో గుమగుమా? మధ్యలో ఏ వీధిలో మారిందిరా?"

నవ్వులు లేచి, మధ్యలోనే ఆగిపోయాయి. ఆ రోజు చెప్పాల్సిన పద్యం పక్కకు పోయింది. మా చివరి బెంచీ నూకాలు లేచి, "నాను తాగిన గలాసు కడుక్కుని తాగతారండి," అంది. కిరణ్ తల వంచుకుని, "నిజమేనండీ, నేనూ కడిగాను," అన్నాడు. టీచరు మా బెంచీల వైపు తిరిగారు. "కొత్తలో మీరు 'ఏమిటి'ని 'ఏటి' అంటే నాకూ నవ్వొచ్చేది. తప్పు నా నవ్వుది, మీ మాటది కాదు," అన్నారు.

టీచరు పోటీకి నన్నే ఎంపిక చేయడం హెడ్మాస్టరుకు నచ్చలేదు. "ఆ యాసతో స్టేజీ ఎక్కితే బడి పరువు పోతుందమ్మా."

"కథ పోకుండా ఉంటే చాలండీ. వీడే వెళతాడు."

వెళ్లాను. మా అయ్య వలలో పడ్డ చేప రేవు దారికి అడ్డం పడిందనీ, ఓడ కూత మీద కూత వేస్తుంటే మా అయ్య ఆ చేపని బతిమాలాడనీ చెప్పాను: "బావా, కూసింత తోక ముడుసుకో, ఓడెల్లాల." జడ్జీలు కళ్లజోళ్లు తీసి కళ్లు తుడుచుకున్నారు. మొదటి బహుమతి నాకే. అందరికంటే గట్టిగా ఈల వేసింది కిరణ్. మర్నాడు సంచీ తెచ్చి నా బెంచీ మీద పడేసి, "జరగరా, ఇక్కడ గాలి బాగుంది," అన్నాడు. నెల తిరిగేసరికి కిటికీ పక్క చోటు కోసం తరగతంతా కొట్టుకుంది.

ఆ కథలో చేప ఏటేటా పెరుగుతూనే ఉంది. టీచరు ప్రశ్నను మాత్రం నేను ఒక్క మాట కూడా పెంచలేదు.

అందుకే మెట్ల మీద ఆ కుర్రాణ్ని అడిగాను. "ఎవరింట్లో బాబూ?"

"పైన ఎవరింట్లోనో అండీ," అన్నాడు. ఇద్దరం పైకి నడిచాం. రెండో అంతస్తు మలుపు తిరిగేసరికి తెలిసింది, వాసన మూడో అంతస్తులో అతని తలుపు సందులోంచే వస్తోంది. "మా అత్తగారు వచ్చినట్టున్నారండీ," అని గట్టిగా ఊపిరి పీల్చి, "అబ్బ, గుమగుమలాడుతోంది కదండీ," అన్నాడు.

టీచరుగారూ, మీరడిగిన వీధి ఇన్నేళ్లకు దొరికింది. అది రెండో అంతస్తు మలుపు.