సోమవారం కడిగే రాయి

“...పీచుతో అలా రుద్దితే అక్షరం నిలుస్తుందా అమ్మా? ఏడు వందల ఏళ్ల రాయి ఇది.”

“నా సేతిల ముప్పై ఏండ్లే ఉన్నది మేడమ్. మిగిలినయి ఎవర్ని అడుగుతవో అడుగు.”

పిల్లలు నవ్వారు. వాళ్లను కోదాడ నుంచి వాడపల్లి చూపించడానికి తీసుకొచ్చిన సోషల్ టీచర్ కృపారాణి నవ్వలేదు. మూసీ వచ్చి కృష్ణలో కలిసే ఈ చోట ఒకప్పుడు పడవల మీద సరుకు దిగేదని, వర్తకులు వేయించిన శాసనం చూపిస్తానని బస్సులో చెప్పింది. తీరా వస్తే ఆ రాయిని ఒక పెద్దామె బూడిద వేసి తోముతోంది. పక్కన పసుపు గిన్నె.

ఆ పెద్దామె పేరు తిరుపతమ్మ. ఆమెకు ఇద్దరు పిల్లలు పురిట్లోనే పోయారు. మూడోవాడు పుట్టగానే చాటలో వేసి ఈ రాయి ముందు పెట్టింది. కొంగు పట్టి, భిక్షగా అడిగి తిరిగి తీసుకుంది. బిక్షం అని పేరు పెట్టింది. వాడు బతికితే ప్రతి సోమవారం రాయిని కడుగుతానని మొక్కింది. ఇరవై తొమ్మిదేళ్లు బతికాడు. నిరుడు గొర్రెలను రోడ్డు దాటిస్తుంటే లారీ గుద్దింది. మిర్యాలగూడ దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయింది.

ఇదంతా ఆమె తోముతూనే చెప్పింది.

“మరి ఇంకా ఎందుకు కడుగుతున్నారమ్మా?” కృపారాణి గొంతు తగ్గింది.

“మొక్కింది నేను గద. నేనింక బతికే ఉన్న.”

టీచరు రాయి ముందు కూర్చుని, తడి అక్షరాల మీద వేలు నడిపింది.

“ఏమున్నది దాంట్ల?”

“ఎవరో వర్తకుడమ్మా. చనిపోయిన కొడుక్కి పుణ్యం రావాలని గుళ్లో దీపం పెట్టించాడు. రేవులో దిగే తన ఉప్పు మీద వచ్చే లాభంలో వంతు ఆ దీపానికి ఇచ్చాడు.”

“కొడుకు పేరేంది?”

వేలు కింది వరుసలో ఆగింది. అక్కడ రాయి నున్నగా ఉంది.

“ఇక్కడ ఉండాలి.”

తిరుపతమ్మ ఆ నునుపు మీద అరచెయ్యి పెట్టింది. చాలాసేపు తియ్యలేదు.

“మీ ఒక్కరి వల్లే కాదులెండి. వానలకూ అరుగుతుంది,” అంది కృపారాణి.

“వాన సేతిల పీచు ఉంటదా మేడమ్.”

పిల్లలెవరూ నవ్వలేదు. ఆమె బిందెలో మిగిలిన నీళ్లు నేల మీద పారబోసింది. పసుపు గిన్నెకు మూత పెట్టి లేచింది.

“ఇగ దీన్ని నేను ముట్ట,” అంది.